తిట్టుకు సాధన: తెలంగాణమున స్త్రీల రాజకీయ కథనములు – ఒక పరిశీలన

గత విద్యాసంవత్సరమున పెద్దవంగర మండలములోని ఒక గ్రామమునుండి ఒక పెద్దమ్మ మా విభాగమునకు వచ్చినది. 2019 జనవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికలలో స్త్రీలకు కేటాయింపబడిన స్థానమున గెలిచి, అయిదేండ్లు సర్పంచిగా పనిచేసిన అనుభవము ఆమెది. కుమార్తె మావద్ద చదివినందున నాతో మాటలాడు చనువు కలదు. కుశలప్రశ్నలు ముగిసిన పిదప ఆమె అడిగిన మాట ఇది: "సారూ, నా బిడ్డ ఈసారి ఎంపీటీసీకి నిలబడుతనంటున్నది. నన్ను అయిదేండ్లు అన్న మాటలన్నీ దానిక్కూడ పడుతయి. తిట్టుకు ముందుగాల ఏం నేర్పాల్నో మీ పుస్తకాలల్ల ఎక్కడన్న రాసిండ్రా?"

ఇరువదియేండ్లుగా సాహిత్యవిమర్శను బోధించుచున్న నాకు వెంటనే సమాధానము తోచలేదు. తిట్టును గురించి మనకు తెలియనిది కాదు. తిట్టుకవిత్వమనునది మన సాహిత్యచరిత్రలో ఒక శాఖ. వేములవాడ భీమకవి మాట తగిలిన వారికేమైనదో చెప్పు కథలు పసితనముననే విన్నాము. కాని తిట్టబడువారు, అందునను స్త్రీలు, దానికి ముందుగా ఎట్లు సిద్ధపడవలెనో విచారించిన గ్రంథము మన పాఠ్యప్రణాళికలో లేదు. ఈ వ్యాసము ఆ పెద్దమ్మ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాయుచున్న జవాబు.

పెద్దవంగర 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కొత్త మండలకేంద్రమై మహబూబాబాదు జిల్లాలో చేరినది. దానికి అనతిదూరముననే పాల్కురికి సోమనాథుని ఊరుగా ప్రసిద్ధమైన పాలకుర్తియు, పోతనదని ఈ ప్రాంతమువారు అభిమానముతో చెప్పుకొను బమ్మెరయు ఉన్నవి. చిట్యాల ఐలమ్మ పొలమును ఆ పాలకుర్తిలోనిదే. విసునూరు గడియు, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండియు అదే పరిసరమున ఉన్నవి. కావున ఈ ప్రశ్నకు పూర్వపక్షమును సిద్ధాంతమును వెదకుటకు దూరము పోనక్కరలేదు.

మొదట వ్యాకరణమునుండి ఆరంభింతును. తెలుగున స్త్రీవాచకముల స్థితి విచిత్రమైనది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) చెప్పినట్లు స్త్రీవాచకములు బహువచనమున మహత్తులతోను, ఏకవచనమున అమహత్తులతోను సమానములు. అనగా 'వాడు వచ్చినాడు' అను నపుడు పురుషుడు మనుష్యుడుగా నిలుచును; 'వచ్చినది' అనునప్పుడు స్త్రీయు, ఆవును, బండియు ఒకే క్రియను పంచుకొనును. స్త్రీకి మహత్త్వము కావలెనన్న బహువచనమును ఆశ్రయింపవలసినదే. ఇది భాషాస్వభావమే కాని ఎవరును కుట్రతో కల్పించినది కాదు. దీనినుండి తెలుగువారి స్త్రీద్వేషమును నిరూపింపబోవుట అపశాస్త్రము. అయినను బహిరంగసభలో ఒక స్త్రీని కించపరచదలచిన వక్తకు ఈ ద్వారము ఎల్లవేళల తెరచియే ఉన్నది. పురుషుని తిట్టుటకు ఒక తిట్టుమాట వెదకికొనవలెను. స్త్రీని తిట్టుటకు బహువచనమును ఉపసంహరించిన చాలును: 'అది', 'దానికేం తెలుసు'. ఏ నిఘంటువును దీనిని తిట్టుగా చూపదు. ఏ అధికారియు దీనిపై ఫిర్యాదు వ్రాసికొనడు. ఈ వ్యాసపు మొదటి వాక్యమున నేనును 'వచ్చినది' అనియే వ్రాసితిని. తిరిగి చదువుకొనునప్పుడు గాని అది నా కంటబడలేదు. దిద్దక అట్లే ఉంచి, ఇకమీదట 'వారు' అనియే వ్రాయుదును.

మన గ్రామములలోని స్త్రీలు ఈ లోపమునకు తమకు తోచిన మందును ఎన్నడో కనిపెట్టిరి. అది బంధుత్వవాచకము. 'అక్క', 'అమ్మ' అను మాటలు పేరుతో చేరినచో తిట్టువాని నోరు కొంత తడబడును. మల్లు స్వరాజ్యముగారు దళములో 'రాజక్క' అయిరి. ములుగు శాసనసభ్యురాలై 2023 డిసెంబరులో మంత్రిపదవి చేపట్టిన దనసరి అనసూయగారిని లోకము 'సీతక్క' అనియే ఎరుగును. అక్కను అనరాని మాట అనువాడు ముందు తన తోబుట్టువును తలచుకొనవలసివచ్చును. ఈ కవచము గట్టిదే గాని దానికి వెల కలదు: అక్కయైనవారు అక్కవలెనే నడచుకొనవలెను. కోపము, హాస్యము, ఒంటరి ప్రయాణము, ఆలస్యముగా ముగిసిన సమావేశము – వీనిలో ఏది ఎక్కువైనను ఆ పిలుపు వాపసు పోవును. 2024లో సామాజిక మాధ్యమములలో తమపై వచ్చిన దుష్ప్రచారమును గూర్చి సీతక్కగారే బహిరంగముగా ఆవేదన వెలిబుచ్చవలసి వచ్చినది.

మరియొక కవచము పురుషనామము. కాకతి రుద్రమదేవి శాసనములలో రుద్రదేవ మహారాజుగా కనిపించుట పరిశోధకులెల్లరు ఎరిగినదే. ఆ పేరును తండ్రి దూరదృష్టి అని కొందరును, రాజధర్మపు లాంఛనమని కొందరును వ్యాఖ్యానించిరి. నాకు మాత్రము అది 'స్త్రీ' అను మాటను శత్రువు వాడుకొనకుండ ముందే తీసివేయుటగా తోచును. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును చెప్పుచున్నది. ఆమె ఏయే మాటలు పడినదో చెప్పు శాసనము ఉండదు. తిట్టును శిలపై చెక్కించువారు లేరు. నేటి సర్పంచికి ఈ ఉపాయము పనికిరాదు గాని మారువేషములో మిగిలియున్నది. గెలిచిన స్త్రీ ఇంటనుండ 'సర్పంచి భర్త' కార్యాలయమున కూర్చుండును. అతనిని అడిగినచో 'ఆడమనిషి మాటలు పడలేదు, అందుకే నేను వస్తున్న' అనును. ఇది పూర్తిగా అబద్ధము కాకపోవుటయే ఇందలి చిక్కు.

ఇక సభను గూర్చి. స్త్రీ సభలో మాటలాడుట, దానికి ప్రతిగా ఆమె శీలమును సభకెక్కించుట – ఈ రెంటి సంబంధమును భారతము సభాపర్వముననే చూపినది. ద్రౌపది అడిగినది ధర్మసందేహము: తన్నోడినవాడు నన్నోడుట కధికారియా? దీనికి సమాధానము న్యాయశాస్త్రమున ఉండవలెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. వికర్ణుడొక్కడు ప్రశ్నను ప్రశ్నగా గ్రహించి మాటలాడెను. అప్పుడు కర్ణుడు లేచి ఆమెకు భర్తలైదుగురు గావున బంధకి యనెను. పెక్కుమంది విమర్శకులు ఈ ఘట్టమున వస్త్రాపహరణమును, కృష్ణమహిమను, భీమప్రతిజ్ఞను విస్తరించి, కర్ణుని మాటను అతని పాత్రచిత్రణలో ఒక మచ్చగా చెప్పి దాటిపోయిరి. నా దృష్టిలో ఆ ఘట్టపు కీలకము ఆ మాటయే. అడిగిన ప్రశ్నకు జవాబు లేనప్పుడు అడిగినవారి శరీరమునుగూర్చి మాటలాడుట అను వాదపద్ధతి అచ్చట సంపూర్ణముగా ఆవిష్కృతమైనది. ఉపాధిహామీ కూలీ ఎందుకు రాలేదని గ్రామసభలో అడిగిన స్త్రీకి 'నువ్వెవరి బండెక్కి తిరుగుతున్నవో మాకెరుకలేదా' యని వచ్చు జవాబు దాని వంశములోనిదే. విరాటపర్వమున మరల అదే జరుగును: కీచకుడు తన్నగా సైరంధ్రి విరాటుని సభలోనే న్యాయమడుగును, సభ ఊరకుండును. 1989 మార్చి 25న తమిళనాడు శాసనసభలో ప్రతిపక్షనాయకురాలు జయలలితగారిపై జరిగిన దౌర్జన్యము తెలిసినప్పుడు దేశమంతటను జనులు ద్రౌపదినే తలచుకొనిరి. ఆ ఉపమ ఎంత సులభముగా దొరకునో అంత ప్రమాదకరమైనది. ద్రౌపదిని తలచుకొన్నవెంటనే మన దృష్టి కృష్ణునిపైకి పోవును. వికర్ణునివంటివారు ఇంకను పదిమంది ఉండియున్న ఏమగునని మనమడుగము.

తిట్టుకవిత్వమున కవులు ఒకరినొకరు తిట్టుకొనినచోట ఒక సమానత కలదు. తిట్టువాడును తిట్టబడువాడును ఇద్దరును కవులే. పద్యమునకు పద్యము జవాబు. రాజకీయమున పురుషుడు తిట్టుకు తిట్టు చెప్పినచో అది పౌరుషము. స్త్రీ చెప్పినచో 'నోరున్న ఆడది'. అనగా ఆమె జవాబే మొదటి నిందకు సాక్ష్యమగును. మౌనము వహించిన 'నిజము గనుకనే మాటలాడలేదు' అందురు. ఈ ఉభయపాశమును విప్పుకొను మార్గము ఒంటరి స్త్రీకి లేదు. ధైర్యము చాలక కాదు. ఆ ముడి ఒంటరివారికొరకే వేయబడినది.

ఈ విషయమున మన విమర్శ చేతులు శుభ్రముగా లేవు. ముద్దుపళని రాధికాసాంత్వనమును గూర్చి వీరేశలింగము పంతులుగారు వ్రాసినదానిలో కావ్యదోషములకంటె కవయిత్రి కులవృత్తిపై నిందయే ముందు నిలిచినది. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును ప్రకటించుచు, పురుషకవుల శృంగారమును సహించినవారు స్త్రీ వ్రాసినప్పుడే సిగ్గును ఏల గుర్తుచేసికొందురని ప్రశ్నించిరి. జవాబుగా వచ్చినది చర్చ కాదు, నిషేధము. అది తొలగుటకు 1947 వరకు వేచియుండవలసివచ్చినది. పంతులుగారి సేవ తెలిసిన నాబోటివానికి ఇది వ్రాయుట కష్టముగానే యున్నది. కాని స్త్రీల విద్యకై జీవితమును ధారపోసిన మహనీయుడే ఈ అలవాటును తప్పించుకొనలేకపోయెనన్న, గ్రామములో పానుగంటి కూర్చున్నవానిని మాత్రమే దోషిగా నిలుపుట న్యాయము కాదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తును. ఐలమ్మ కథ ఎల్లరకు తెలిసినదే. పాలకుర్తిలో కౌలుకు దున్నుకొనుచున్న రజకస్త్రీ ఆంధ్రమహాసభ సంఘములో చేరినది. విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి ఆమె పంటను స్వాధీనము చేసికొనజూచెను. 1972లో వెలువడిన పుచ్చలపల్లి సుందరయ్యగారి తెలంగాణ పోరాట గ్రంథము ప్రకారము, దొర పంపిన నూరుమంది గూండాలు, కోతకు వచ్చిన మరి నూరుమంది ఒకవైపు. సంఘమువారు ఇరువదియెనమండుగురు మరియొకవైపు. కర్రలు పట్టి నిలిచిన ఆ ఇరువదియెనమండుగురిని చూచి వచ్చినవారు పారిపోయిరి. పంట ఐలమ్మ ఇల్లు చేరినది. దొరపక్షమువారు తరువాత ఆమె ఇంటిని తగులబెట్టిరి. కేసులు నడచినవి. ఆమె భూమిని విడువలేదు.

దీనిని చెప్పునప్పుడు మనము 'వీరనారి' అను మాట వాడుదుము. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టినప్పుడును ఆ బిరుదమే ముందు నిలిచినది. ఆమె వీరత్వమును శంకించువాడను కాను. కాని ఆ బిరుదము ఆ ఇరువదియెనమండుగురిని కథనుండి తొలగించును. వీరనారికి తోడెందులకు? ఆమె ఒక్కతెయే చాలును గదా! ఈ విధముగా పొగడ్త ఒక సౌకర్యమగును. పొగడినవాడు పొలమునకు పోనక్కరలేదు. ఆ కథలో నాకు విలువైనదిగా తోచునది కాలక్రమము. కోతవారు వచ్చిన పిదప సంఘమువారిని పిలువలేదు. దొర పంటపై కన్నువేసినాడని తెలిసిన నాడే ఎవరు రావలెనో, ఎక్కడ నిలువవలెనో నిశ్చయమై యుండినందుననే అంత తక్కువమంది అంత ఎక్కువమందిని ఎదుర్కొనగలిగిరి. సాధన అను మాటకు నేను గ్రహించిన అర్థమిదియే: దెబ్బ తగులుటకు ముందే తోడు నిర్ణయమై యుండుట.

ఒక అప్రస్తుతమును చెప్పి ముందుకు పోదును. ఆ పరిసరములలో జనులను పీడించినవారిలో రామచంద్రారెడ్డి తల్లి జానకమ్మ పేరు నేటికిని వినబడును. కావున స్త్రీని అవమానించువాడు ఎల్లప్పుడు పురుషుడే యని తలచుట పొరపాటు. గడినుండి వచ్చు తిట్టుకు కులము, భూమి, లింగము మూడును కలిసిన బలముండును. నోరు ఎవరిదైనను కావచ్చును.

ఐలమ్మ పొలమున నెగ్గిన ఈ సాధన మాటవిషయమున ఏమైనది? దీనికి జవాబు వెదకుటకు మనకున్న ఉత్తమాధారము 'మనకు తెలియని మన చరిత్ర'. స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు పోరాటములో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను వారి పలుకుబడిలోనే గ్రహించి, 1986లో ప్రకటించిన గ్రంథమిది. 1989లో ఆంగ్లమునను వెలువడినది. ఐలమ్మ, దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యము, మోటూరి ఉదయము, కొండపల్లి కోటేశ్వరమ్మ – వీరి కంఠములు ఒకే గ్రంథమున వినవచ్చుట సామాన్యవిషయము కాదు. తెలుగుశాఖలు దీనిని చరిత్రశాఖకు వదలిపెట్టుట వింతగా తోచును. ఇది వచనము, మన కాలపు మౌఖికవచనములలో శ్రేష్ఠమైనది.

ఆ కాలమున గ్రామములలోని స్త్రీలు రజాకార్లను, పోలీసులను ఎదుర్కొనుటకు కారము, రోకలి, వడిసెల సిద్ధపరచుకొనిరనుట ప్రసిద్ధము. ఎవరు ఎచ్చట నిలువవలెను, ఎవరు కేకవేయవలెను అను ఏర్పాటు ఉండినది. దళములలో చేరినవారు తుపాకి నేర్చిరి. అనగా దేహముపై వచ్చు దాడికి ఉద్యమము స్త్రీలకు శిక్షణ ఇచ్చినది. కాని ఊరి పెద్దలు, బంధువులు, ఒక్కొక్కప్పుడు ఉద్యమములోని తమవారే అనగల మాటకు అట్టి ఏర్పాటు కనబడదు. దళములో మగవారితో కలిసి అడవిలో నడచిన స్త్రీని గూర్చి లోకమేమనునో ఊహింపరానిదేమియు కాదు. అయినను ఆ భారమును ఆమెయే మోయవలసినదిగా విడిచిపెట్టబడెను. 1951 అక్టోబరులో పోరాటవిరమణ జరిగిన పిదప ఇండ్లకు పొమ్మనబడిన స్త్రీల కొరకు వేచియున్నది పోలీసు కాదు, వాకిట నిలిచిన ఈ మాటయే.

పరిశోధకవిద్యార్థులకు ఇచ్చట ఒక సూచన చేయుదును. మన గ్రామస్త్రీలు తమపై జరిగిన హింసను చెప్పునప్పుడు కర్తను పేరుతో చెప్పుదురు: ఫలానా పోలీసు కొట్టెను, ఫలానా దొర దున్నపోతులను తోలుకొనిపోయెను. అదే స్త్రీలు తమపై వచ్చిన నిందను చెప్పునప్పుడు కర్త లోపించుట నేను తరచుగా విన్నాను: 'అన్నరు', 'అంటరు గద', 'మాటలు వచ్చినయి'. తెలుగుక్రియ కర్తను దాచుటకు మిక్కిలి అనుకూలమైనది. పై గ్రంథమును ఈ దృష్టితో మొదటినుండి తుదివరకు చదివి, ఎచ్చట కర్త చెప్పబడెను, ఎచ్చట లోపించెను అని లెక్కించినచో ఒక సిద్ధాంతవ్యాసమునకు తగిన సామగ్రి లభించును. తిట్టినవాని పేరు చెప్పలేనిచోట ఫిర్యాదు లేదు, సాక్షి లేడు, తోడు రాదు.

స్వరాజ్యముగారి ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా' (2019) ఈ లోపమునకు మరియొక ముఖము. పేరే చెప్పుచున్నట్లు వారికి మాట ఆయుధము. చిన్నతనముననే ఉయ్యాలపాటలతో స్త్రీలను కూడగట్టినవారు. తలకు పదివేల రూపాయల వెల కట్టబడిన ఆ కాలమునుండి, 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి శాసనసభ్యురాలుగా గెలిచిన కాలమువరకు, 2022 మార్చిలో కన్నుమూయువరకు ఆ నోటికి జంకు లేదు. పాట ఇచ్చట సాధనయే. పదిమంది గొంతు కలిపి పాడిన చరణములో ఎవరు మొదలుపెట్టిరో శత్రువు పట్టుకొనలేడు. కాని ఒక భేదమును మరువరాదు. వారు భూస్వాముల ఇంట పుట్టినవారు; భీమిరెడ్డి నరసింహారెడ్డిగారి చెల్లెలు. ఆ ఇంటి ఆడబిడ్డను అనుటకు ముందు ఊరు ఒక్క నిమిషము ఆలోచించును. ఐలమ్మను అనుటకు ముందు ఆలోచింపనక్కరలేదు; పిలుపులోనే కులము ముందు నిలిచినది, ఇన్నేండ్లకు విశ్వవిద్యాలయపు పేరులోను నిలిచినది. అదే కులనామము నేడు ఆత్మగౌరవపు గుర్తుగా మారినదని రజకసమాజమువారు చెప్పుదురు. ఆ వాదమును నేను మన్నింతును. తిట్టును బిరుదముగా మార్చుకొనుటయు ఒక సాధనయే. అయితే అది నెరవేరుటకు డెబ్బదియేండ్లును, ఒక సమాజమంతయు కావలసివచ్చినది.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' (2012) చదివినపుడు కలుగు దుఃఖము వేరు. బాలవితంతువై, పునర్వివాహము చేసికొని, ఉద్యమమున చేరి వేదికలపై పాడిన స్త్రీకి లోకనింద కొత్త కాదు. ఆ నిందను ఎదుర్కొన్న కాలమున ఉద్యమము వెన్నుదన్నుగా నిలిచినది. తరువాత భర్త విడిచిపోయిన కాలమున, ముప్పదియైదేండ్ల ప్రాయమున మరల చదువునకు కూర్చుండి, హాస్టలు ఉద్యోగముతో పొట్టపోసికొన్నప్పుడు ఆ తోడు ఎంత మిగిలినదో గ్రంథనామమే చెప్పుచున్నది. ఈ పుస్తకమును 'ఓర్పునకు ప్రతిరూపము' అని మెచ్చుకొన్న సమీక్షలను చదివితిని. నాకు ఆ మెప్పు రుచింపలేదు. ఓర్పును మెచ్చుకొనుట ఓర్చుకొనవలసి వచ్చిన కారణమును పరామర్శింపకుండుటకు మర్యాదగల మార్గము.

వర్తమానమునకు వచ్చినచో తిట్టు మాత్రము మారలేదు, దాని వేగము మారినది. రచ్చబండవద్ద అన్నమాట సాయంత్రమునకు నాలుగిండ్లకు పోవును. ఫోనులోని వాట్సాప్ గుంపున పడినమాట అన్నము ఉడుకులోపల మండలమంతయు తిరుగును, చెరిపినను చెరగదు. ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. 2016లో అంతర్జాతీయ పార్లమెంటుల సమాఖ్య 39 దేశములకు చెందిన 55 మంది మహిళాసభ్యులను ప్రశ్నింపగా నూటికి 81.8 మంది మానసికహింసకు గురియైతిమని చెప్పిరి. 2020లో ఆమ్నెస్టీ ఇండియా ప్రకటించిన అధ్యయనము 95 మంది భారతీయ రాజకీయనాయకురాండ్రను పేర్కొన్న ట్విట్టరు సందేశములను 2019 ఎన్నికల కాలమున పరిశీలించి, సుమారు ఏడింట ఒకటి దూషణయో, దూషణకు చేరువయో అని తేల్చినది. బొలీవియాలో హువానా కిస్పె అను పురపాలకసభ్యురాలు 2012లో హత్యకు గురియైన పిదప రాజకీయమున స్త్రీలపై వేధింపును నేరముగా నిర్వచించు ప్రత్యేకశాసనము వచ్చినది. మన రాజ్యాంగపు డెబ్బదిమూడవ సవరణ 1993లో అమలునకు వచ్చి మూడింట ఒకవంతును, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము సగమును స్త్రీలకు ఇచ్చినవి. కుర్చీ ఇచ్చిన శాసనము, కుర్చీలో కూర్చున్నవారు పడు మాటను గూర్చి మౌనము వహించినది. 2024 జులైనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 79వ విభాగము స్త్రీ గౌరవమును భంగపరచు మాటకును సైగకును శిక్ష విధించుచున్నది. సందేశమును తుడిచివేయక తేదీతో భద్రపరచుట, విన్నవారి పేర్లు వ్రాసియుంచుట మొదలగునవి న్యాయవాదులు చెప్పు జాగ్రత్తలు. అవి అవసరమే, కాని న్యాయము నా శాస్త్రము కాదు గనుక విస్తరింపను.

మా ఓరుగల్లు ప్రాంతమున మొన్నటి ఉదాహరణమొకటి చేదుగా ఉన్నను విడువరానిది. 2024 సెప్టెంబరు చివర ఒక సభలో తమకు సత్కారము జరిగిన చిత్రమును పట్టుకొని సామాజిక మాధ్యమములలో సాగిన నీచప్రచారమునకు మంత్రి కొండా సురేఖగారు కన్నీరు పెట్టుకొనిరి. ఆ బాధ నిజమైనది. పక్షభేదము లేకుండ ఖండింపదగినది. కాని కొలది దినములలోనే వారు రాజకీయప్రత్యర్థిని విమర్శించుచు ఒక నటీమణి దాంపత్యమును సభకెక్కించిరి; విమర్శ రాగా ఆ మాటలను ఉపసంహరించుకొనిరి. ఆ నటి పేరు ఇచ్చట వ్రాయను. ఆ కలహమున ఆమెకు పాత్ర లేదు. సాధన లేని గాయము ఎటు పోవునో దీనివలన తెలియును. దెబ్బతిన్నవారి చేతికి తొలుత దొరకునది తమకు తగిలిన రాయియే. అది తగులునది మరియొక స్త్రీకి. కావున తిట్టుకు సాధన యనగా తిట్టు పడుటకు మాత్రమే కాదు, తిట్టకుండుటకును సాధన కావలెను.

ఈ విషయములన్నియు ఒక కొలిక్కి వచ్చిన పిదప నేను ఆ పెద్దమ్మగారికి 'మనకు తెలియని మన చరిత్ర' ప్రతిని, ఐలమ్మ పంటకోత ఘట్టమును వ్రాసిన నాలుగు పుటలను పంపితిని. కుమార్తె చదువగా విన్నారట. నెలదినములకు ఫోను చేసిరి.

"ఐలమ్మ తాన ఇరవై ఎనిమిదిమంది నిలబడ్డరు సారూ. మా ఊరి ఫోను గ్రూపుల రెండొందలకు పైన ఉన్నరు. నన్ను అన్ననాడు ఒక్కలు గూడ నోరు మెదపలే. చదివిండ్రు, ఊకున్నరు. కొందరు నా ఇంటికొచ్చి చెవుల చెప్పిండ్రు, అట్ల అనుడు తప్పని."

ఇంతకంటె మంచి వ్యాఖ్యను నేను వ్రాయలేను. సభలో మౌనము, ఇంటివద్ద సానుభూతి – భీష్ముడును ఇంతే చేసెను.

పిదప వారు చేసినపని చెప్పిరి. పొదుపు సంఘములోని అయిదుగురిని పిలిచి కూర్చుండబెట్టి, బిడ్డ నిలబడినచో ఏమేమి మాటలు రాగలవో తామే ముందు బయటికి అనిపించిరట. మొదట సిగ్గుపడి, తరువాత ఒకరిని మించి ఒకరు అనిరి. నవ్వులు కూడ పుట్టినవి. ఏ మాట వచ్చినపుడు ఎవరు ముందు జవాబు చెప్పవలెనో వంతులు వేసికొనిరి. కూలిడబ్బు మాటకు ఒకరు, బండి మాటకు ఒకరు, కులము మాటకు ఇద్దరు. బిడ్డ మాత్రము దేనికిని తాను జవాబు చెప్పరాదు; ఊరి నీళ్ల సంగతే మాటలాడవలెను.

అంతలో ఒక కోడలు అడిగినదట – కాదు, అడిగిరట: "బయటోళ్లు అంటె మనమున్నం. ఇంట్ల మొగోడే అంటె ఎవరి వంతు?"

నవ్వులు ఆగిపోయినవి. ఆ వంతు ఆనాడు ఎవరును తీసికొనలేదు. వచ్చే శనివారము మరల కూడుదమని లేచిరట.